పరదరామి పిల్లలకు చట్టం ఏమివ్వాలి?

గుడియాత్తం నుంచి చిత్తూరుకు పోయే రోడ్డు మీద, తమిళనాడు అంచున ఉంది పరదరామి. ఒకప్పుడు ఈ ప్రాంతమంతా ఉత్తర ఆర్కాడు జిల్లా. 1911లో చిత్తూరు విడి జిల్లా అయింది. భాషాప్రయుక్త రాష్ట్రాలు వచ్చాక సరిహద్దుకు అటు ఆంధ్ర, ఇటు తమిళనాడు అయినా, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు రెండు వైపులా మిగిలాయి. ఇటువైపు బడుల్లో 2006 నాటి చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేసి, ఏడాదికో తరగతి చొప్పున పైకి తీసుకెళ్లింది. ఇతర మాతృభాషలకు ఐచ్ఛికంగా చదువుకునే చోటు మాత్రం మిగిలింది. ఆ పిల్లలు పదో తరగతికి చేరినప్పటి నుంచి భాషా మైనారిటీలు మినహాయింపు కోసం కోర్టులకు తిరుగుతున్నారు. 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఊరట కూడా ఒక్క ఏడాదికే. చదువు దాటి ఉద్యోగానికి వస్తే, 2021 డిసెంబరు ఉత్తర్వుతో రాష్ట్ర నియామక పరీక్షల్లో తమిళ పేపరులో 40 శాతం మార్కులు తప్పనిసరి అయ్యాయి.

తమిళం నేర్చుకోమనడంలో అన్యాయం లేదు. తాలూకా ఆఫీసుకు వచ్చే రైతుతో అతని భాషలో మాట్లాడలేని గుమాస్తా ఎవరికీ పనికిరాడు. అయితే ఇంట్లో వినని భాషలో చదువు మొదలుపెట్టిన పిల్లకు అదనపు బోధన ఏదీ ఇవ్వకుండా, సొంత భాష చెప్పే టీచరును వెయ్యకుండా, చివర్లో అందరినీ ఒకే గీటురాయి మీద గీసి చూస్తే దాన్ని సమానత అనలేం. ఇక్కడే మన జాతీయ చట్టంలో ఒక ఖాళీ కనిపిస్తుంది. ప్రభుత్వం నడిపే, ప్రభుత్వ సాయం పొందే విద్యాసంస్థల్లో ప్రవేశానికి భాష అడ్డు కాకూడదని రాజ్యాంగం 29వ అధికరణం చెబుతుంది. ప్రభుత్వ ఉద్యోగాల గురించి చెప్పే 16వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన చోటు, నివాసం అని వరసగా చెప్పి, భాషను మాత్రం వదిలేసింది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించాలన్న 350ఎ, దాన్ని గమనించే ప్రత్యేకాధికారిని ఇచ్చిన 350బి 1956 సవరణతో వచ్చాయి. ఆ అధికారి రాష్ట్రపతికి నివేదికలు పంపగలరు, టీచరును నియమించమని ఎవరినీ ఆదేశించలేరు. ప్రైవేటు ఉద్యోగాల సంగతి మరీ అధ్వానం: వికలాంగుల హక్కుల చట్టం, 2016 లాంటి కొన్ని చోట్ల తప్ప, వివక్షను సమగ్రంగా నిషేధించే చట్టమే లేదు. సచార్ కమిటీ 2006లో సమాన అవకాశాల కమిషన్ కావాలంది. మాధవ మీనన్ నాయకత్వంలోని నిపుణుల బృందం 2008లో ముసాయిదా బిల్లు కూడా ఇచ్చింది. అది చట్టం కాలేదు. నా అభిప్రాయంలో ఇదే పెద్ద లోటు. హక్కు కాగితం మీద ఉంది, అది దక్కనివాడు ఏ ఖర్చూ లేకుండా వెళ్లి అడిగే చోటు లేదు.

అలాంటి చట్టానికి గట్టి అభ్యంతరం ఒకటుంది. తమిళనాట తెలుగు మాట్లాడేవారిలో భూములు, వ్యాపారాలు ఉన్న కులాలవారూ ఉన్నారు; భాష పేరుతో వాళ్లకు కొత్త రక్షణ ఎందుకని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కానీ అదే తెలుగు చాలామంది అరుంధతీయుల ఇంటి భాష కూడా. షెడ్యూల్డ్ కులాల్లోనూ వెనకబడిన ఈ అరుంధతీయులకు 2009లో రాష్ట్రం 18 శాతం ఎస్సీ రిజర్వేషన్‌లో 3 శాతం విడిగా కేటాయించింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఒకే గుంపులో ఎవరు ఎక్కువ నష్టపోయారో కొలవడం సాధ్యమేనని ఆ తీర్పు చూపింది. భాషనూ అలాగే కులంతో, ఆదాయంతో, ఊరి బడి పరిస్థితితో కలిపి తూచాలి, విడిగా కాదు. రాష్ట్రం అధికారాన్ని కేంద్రం లాక్కుంటుందన్న భయం మరొకటి. విద్య ఉమ్మడి జాబితాలో ఉంది. తమిళం ఎలా నేర్పాలో రాష్ట్రమే నిర్ణయించవచ్చు. ఫిర్యాదు విని, వివరాలు రప్పించి, గడువు పెట్టి జవాబు అడిగే అధికారం సమాన అవకాశాల కమిషన్‌కు ఉంటే చాలు.

1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజ్ శాసనసభకు వచ్చింది గుడియాత్తం ఉప ఎన్నికలోనే. సగం పూట చదువు, సగం పూట కులవృత్తి అన్న అంతకుముందరి పథకాన్ని ఆయన ఆ ఏడాదే రద్దు చేశారు. పుట్టుక పిల్లల చదువును నిర్ణయించకూడదన్న ఆ నిర్ణయాన్ని ఇంటి భాషకూ వర్తింపజేయాలంటే మొదటి పని పెద్దదేమీ కాదు: ప్రతి సరిహద్దు మండలంలో ఏ బడిలో ఏ మాతృభాష పిల్లలు ఎంతమంది, వాళ్లకు ఎంతమంది టీచర్లు అన్న లెక్కను ఏటా ప్రకటించేలా చట్టంతో తప్పనిసరి చేయడం.