బియ్యానికి బదులు నగదు: సరిహద్దు పల్లెలు ముందే చూసిన పరీక్ష

ప్రతి పౌరునికీ నెలనెలా కొంత సొమ్మును ఏ షరతూ లేకుండా ప్రభుత్వమే అందజేయాలనే ఆలోచనకు సార్వత్రిక ప్రాథమిక ఆదాయమని పేరు. పేదవాడా ధనవంతుడా, పని చేయుచున్నాడా లేదా అన్న విచారణ అందులో ఉండదు. వినుటకు సులభముగానే ఉన్న ఈ మాట వెనుక మరొక మాట దాగియున్నది. ఆ సొమ్ము ఇప్పుడున్న పథకాలకు తోడుగా వచ్చునా, లేక వాటికి బదులుగా వచ్చునా? చర్చ అంతా నిజానికి ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుచున్నది.

మన దేశంలో ఈ చర్చకు అధికారిక స్థానం లభించినది 2017 జనవరి చివరలో. అరవింద్ సుబ్రమణియన్ ప్రధాన ఆర్థిక సలహాదారుగా ఉన్న కాలమది. 2016-17 ఆర్థిక సర్వేలో ఒక అధ్యాయమంతా దీనికే కేటాయించారు. కేంద్ర ప్రభుత్వపు పథకాలు, ఉపపథకాలు కలిపి సుమారు 950 ఉన్నవనీ, వాటిలో పెద్దవి సైతం అందవలసిన వారికి సరిగా అందుటలేదనీ సర్వే పేర్కొన్నది. వాటి స్థానంలో ఒక్కొక్కరికి సంవత్సరానికి 7,620 రూపాయలు ఇచ్చిన యెడల, జనాభాలో 75 శాతం మందికి ఇచ్చినా జాతీయోత్పత్తిలో 4.9 శాతం ఖర్చగునని లెక్క కట్టినది. అమలుకు సమయము కాకపోవచ్చును గాని చర్చకు సమయము వచ్చినదని ముగించినది. 'సార్వత్రికము' అని పేరు పెట్టి, నాల్గవ వంతు మందిని మినహాయించి లెక్క వేయుట గమనింపదగినది.

7,620 రూపాయలంటే నెలకు 635. అయిదుగురున్న ఇంటికి నెలకు 3,175 రూపాయలు. ఆనాటి ధరలలో ఇది చిన్న మొత్తము కాదు. అయితే ఈ సొమ్ము వచ్చిన నాడు రేషన్ బియ్యము, ఎరువుల సబ్సిడీ, వృద్ధాప్య పింఛను, ఉపాధి పనులు, బడిలో పిల్లల మధ్యాహ్న భోజనము, వీటిలో ఏవేవి ఆగిపోవునో తెలిసిన పిమ్మటనే లాభనష్టాలు తేలును. మధ్యాహ్న భోజనము సంగతి ప్రత్యేకముగా చెప్పుకొనవలెను. దాని ఖరీదును తండ్రి ఖాతాలో వేసినంత మాత్రమున అది పిల్లవాని కంచంలోకి చేరునన్న హామీ లేదు.

నగదు పక్షాన ఉన్న వాదనను తేలికగా కొట్టివేయరాదు. 2011లో మధ్యప్రదేశ్‌లో సేవా అనే మహిళా సంఘము, యునిసెఫ్ సహాయంతో ఎనిమిది గ్రామాలలో ఒక ప్రయోగము నడిపినది. పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100 రూపాయలు ఇచ్చి, తరువాత వాటిని 300, 150కి పెంచారు. స్త్రీల సొమ్ము స్త్రీల పేరనే వచ్చినది. ఉచితముగా డబ్బు వచ్చిన జనము సోమరులై తాగుడుకు తగలేయుదురన్న భయము నిజము కాలేదు. తిండి మెరుగుపడినది, పిల్లలు బడికి వెళ్ళుట పెరిగినది, కొందరు అప్పుల నుండి తేరుకొన్నారు. కాని ఆ గ్రామాలలో రేషన్ దుకాణము మూతపడలేదు. నగదు పథకాలపైన వచ్చినదే గాని వాటికి బదులు రాలేదు. ఈ ప్రయోగాన్ని ఉదాహరించువారు పై మాటను తరచుగా వదిలివేయుదురు.

బదులుగా ఇచ్చినప్పుడు ఏమి జరుగునో తెలియాలంటే దూరము పోనక్కరలేదు. యానాంలో జరిగినదే చూడవచ్చును. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఆహార భద్రతా చట్టము క్రింద రావలసిన ధాన్యానికి బదులు 2015 సెప్టెంబరు నుండి బ్యాంకు ఖాతాలలో నగదు వేయసాగారు. చండీగఢ్‌లో కూడా అప్పుడే మొదలైనది. ఆపైన, పుదుచ్చేరి ప్రభుత్వము స్వంతముగా ఇచ్చే ఉచిత బియ్యము మాటేమిటన్న వివాదము లేచినది. మంత్రివర్గము బియ్యమన్నది, లెఫ్టినెంట్ గవర్నరు నగదన్నారు. వ్యాజ్యము మద్రాసు హైకోర్టుకెక్కి, 2020 ఫిబ్రవరిలో నగదు పక్షమే నెగ్గినది. అదే కాలంలో యానాం పొలిమేర దాటిన ఇంజరం, నీలపల్లి గ్రామాలలో కార్డున్న కుటుంబాలు ఆంధ్రప్రదేశ్ చౌక డిపోల నుండి కిలో రూపాయి బియ్యము తెచ్చుకొనుచుండెను. ఒక వీధిలో ఫోనుకు సందేశము, పక్క వీధిలో బియ్యపు సంచి. చివరకు 2024 అక్టోబరులో, దీపావళి ముందు, పుదుచ్చేరిలో రేషన్ దుకాణాలు తిరిగి తెరువబడినవి.

కర్ణాటకలో కథ వేరు, కాని చేరిన చోటు ఒక్కటే. 2023లో వచ్చిన ప్రభుత్వము అన్నభాగ్య క్రింద మనిషికి 10 కిలోలు ఇచ్చెదమని వాగ్దానము చేసినది. అదనపు బియ్యమును అమ్ముటకు కేంద్రము ఒప్పుకొనలేదు. గత్యంతరము లేక, అదనపు 5 కిలోలకు కిలోకు 34 రూపాయల చొప్పున, మనిషికి నెలకు 170 రూపాయలు 2023 జూలై నుండి ఖాతాలలో వేసినది. సింధనూరు, గంగావతి క్యాంపులలోని తెలుగు రైతులకు ఈ ధర సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. వారు తుంగభద్ర నీటితో పండించే సోనా మసూరి ఆ 34 రూపాయలకు ఏ అంగడిలోనూ దొరకదు. 2025 ఫిబ్రవరి నుండి అక్కడ కూడా నగదు పోయి మళ్ళీ బియ్యమే వచ్చినది.

జార్ఖండ్‌లో రాంచీ దగ్గరనున్న నగడీ ప్రాంతంలో 2017 అక్టోబరున మొదలైన పద్ధతి మరీ విచిత్రము. సొమ్ము ముందు ఖాతాలో పడును. దానిని బ్యాంకు నుండి తీసి, చేతి రూపాయి కలిపి, అదే రేషన్ దుకాణంలో పూర్తి ధరకు బియ్యము కొనవలెను. సొమ్ము పడినదా లేదా అని తెలుసుకొనుటకే ఒక పూట కూలి పోవుచుండెను. జనము ఎదురుతిరుగగా 2018 ఆగస్టులో ఆ పద్ధతిని ఉపసంహరించారు.

ఈ మూడు చోట్లా కనిపించే చిక్కు ఒకటున్నది. బియ్యము తూకము మారదు, రూపాయి విలువ మారును. అయిదు కిలోలు పదేళ్ళ తరువాత కూడా అయిదు కిలోలే. కేంద్రమిచ్చే వృద్ధాప్య పింఛను ఇందుకు సాక్ష్యము. అరవై నుండి డెబ్బదితొమ్మిదేళ్ళ వారికి కేంద్రము వాటా 2011లో నెలకు 200 రూపాయలు. నేటికీ 200 రూపాయలే. రాష్ట్రాలు తమవైపు నుండి కలుపుకొనుట వల్లనే అది పింఛను అనిపించుకొనుచున్నది. ధరలతో పాటు పెరుగునన్న నియమము చట్టంలో లేని నగదు ఏదైనా ఈ దారినే పోవును.

అలాగని బియ్యపు పద్ధతి నిర్దోషమైనదని కాదు. వేలిముద్ర పడక తిరిగి వచ్చిన ముసలివారు, రాని తూకము, ముక్క బియ్యము అందరికీ తెలిసినవే. వలస కూలీ విషయంలో నగదుకు ఒక మెరుగు కూడా ఉన్నది. 'ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు' క్రింద పొరుగు రాష్ట్రంలో తీసుకోగలిగినది కేంద్రము ఇచ్చే కోటాను మాత్రమే. స్వరాష్ట్రము పైన కలిపి ఇచ్చునది సరిహద్దు దాటి రాదు. ఖాతాలోని సొమ్ము ఎక్కడనైనా చెల్లును.

ఇటీవల రాష్ట్రాలు ఇచ్చుచున్న నగదు కూడా గిరి గీసుకొనియే ఉన్నది. కర్ణాటకలో గృహలక్ష్మి 2023 ఆగస్టు నుండి నెలకు 2,000, తమిళనాట మహిళా హక్కు సొమ్ము 2023 సెప్టెంబరు నుండి 1,000, మహారాష్ట్రలో లాడ్కీ బహీణ్ 2024 జూలై నుండి 1,500 రూపాయలుగా మొదలైనవి. ఒడిశాలో సుభద్ర పథకము 2024 సెప్టెంబరులో సంవత్సరానికి 10,000 రూపాయలతో ఆరంభమైనది. ఇవి సార్వత్రికములు కావు. వయసు, ఆదాయము, కార్డు చూచి ఇచ్చునవే. అయితే వీటిలో ఒక్కటీ బియ్యమును ఆపి ఇచ్చినది కాదు. తెలంగాణలో 2018లో ఎకరానికి సీజనుకు 4,000 రూపాయలతో మొదలైన రైతుబంధు భూమి పట్టాను బట్టి నడిచినది. కౌలుకు చేయువానికి అది అందలేదు. నగదుకు ఏదో ఒక జాబితా ఆధారము కావలెను, ఆ జాబితాలో లేనివాడు సొమ్ములోనూ లేడు.

ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ల నడుమ కొటియా గ్రామాల సంగతి ఇక్కడ ఆలోచింపదగినది. ఉభయ రాష్ట్రాలూ తమవేనన్న ఆ ఇరువది యొక్క గ్రామాలలో రెండువైపుల కార్డులున్న కుటుంబాలున్నవి. నేడు ఆ కుటుంబము ఒక రాష్ట్రపు బియ్యమూ, మరొక రాష్ట్రపు పింఛనూ తీసుకొనగలుగుచున్నది. పథకాలన్నిటినీ రద్దుచేసి ఒక్క మనిషికి ఒక్క మొత్తమే ఇచ్చెదమన్న నాడు, ఆ మనిషిని ఏ రాష్ట్రపు జాబితాలో వ్రాయవలెనో ముందు తేల్చవలసి యుండును. 1968లో సుప్రీంకోర్టుకు చేరిన ఆ తగవు ఇప్పటికీ తేలలేదు.