చారెడేసి కళ్ళని మురిసిపోవద్దు

శంషాబాద్: పాల్మాకుల, ముచ్చింతల, పెద్ద గోల్కొండ ఊళ్ళలో చంటిబిడ్డను చంకనేసుకుని ఆకాశంలో విమానం చూపించని తల్లి ఉండదు. 2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి అదొక ముచ్చట. అయితే ఆకాశం కేసి చూపగానే బిడ్డ వెలుతురు ఓర్వలేక తల్లి భుజంలో ముఖం దాచుకుంటున్నదా? కళ్ళ వెంట ఊరకే నీరు కారుతున్నదా? నల్లగుడ్డు మరీ పెద్దదిగా, మసకబారినట్లు ఉన్నదా? అలాగైతే చారెడేసి కళ్ళని మురిసిపోక వెంటనే కంటి డాక్టరుకు చూపించాలి. అది పుట్టుకతో వచ్చే నీటికాసుల వ్యాధి కావచ్చు. దీనినే గ్లాకోమా అంటారు.

తూము పూడిన చెరువు

కంటిలో నిత్యం ఒక ద్రవం ఊరుతూ, జల్లెడ వంటి సన్నని దారి గుండా బయటకు పోతుంది. తూము పూడితే చెరువు కట్ట మీద ఒత్తిడి పెరిగినట్లే, తల్లి కడుపులో ఉండగా ఈ దారి సరిగా ఏర్పడకపోతే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. పసివారి కంటిగోడ మెత్తన కనుక గుడ్డు సాగి పెద్దదవుతుంది. చూపును మెదడుకు చేరవేసే నరం నలిగిపోతుంది. ఆ నరంలో పది లక్షల పోగులుంటాయి. చచ్చిన పోగును తిరిగి బ్రతికించే మందు నేటికీ లేదు.

పసికళ్ళ వైద్యుడు

ఇటువంటి పసివారి కోసం దశాబ్దాలుగా కృషి చేసిన వైద్య శాస్త్రజ్ఞుడు డాక్టర్ అనిల్ కుమార్ మండల్. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన ఆయన, డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను తన కార్యక్షేత్రంగా చేసుకున్నారు. పూడిన దారిని తెరవడం, పక్కన కొత్త దారి వేయడం, ఈ రెండూ ఒకే ఆపరేషన్‌లో చేసి ఫలితాలు ప్రకటించారు. రెండు కళ్ళకూ ఒకేసారి చేయవచ్చునని 2002లో, నెల నిండని పసికందులకు సైతం చేయవచ్చునని 2003లో ఆయన బృందం వ్యాసాలు వెలువడ్డాయి. దూరం నుంచి వచ్చే పేదలకు రెండోసారి మత్తు, రెండోసారి ప్రయాణం తప్పడం విశేషం. 2003లోనే ఆయనకు శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి లభించింది.

మేనరికం మాట

పాశ్చాత్య దేశాల్లో సుమారు పదివేల కాన్పులకు ఒక బిడ్డకు వచ్చే ఈ వ్యాధి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,300 కాన్పులకు ఒకరికి వచ్చినట్లు అంచనా. కారణమైన జన్యువును 1997లో విదేశీ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. మండల్‌తో కలిసి హైదరాబాద్ పరిశోధకులు 2002లో మన దేశపు కుటుంబాల్లోనూ అదే జన్యువులో లోపాలు గుర్తించారు. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. ఒకే రక్తం కనుక మేనరికాల్లో ఇలా కలిసే అవకాశం ఎక్కువ. అలాగని ప్రతి మేనరికపు ఇంటా వస్తుందని కాదు, పరాయి సంబంధమైతే రాదనీ కాదు.

కంట్లో చనుబాలు, ఆముదం వేస్తూ నెలలు గడపరాదు. ఈ జబ్బుకు చుక్కల మందు తోడు మాత్రమే, అసలు చికిత్స ఆపరేషనే. ఆ తర్వాత కూడా జీవితాంతం కంటి ఒత్తిడి చూపించుకోవాలి. పోయిన చూపు రాదు గాని, త్వరపడితే ఉన్న చూపును నిలుపుకోవచ్చు.