కొబ్బరి నీడల్లో కెమెరా

కొలంబో రేవులో ఆగిన ఓడల ప్రయాణికులు వెంట తీసుకుపోయే జ్ఞాపికలలో ఒకప్పుడు కొబ్బరిచెట్ల ఫోటోకు పెద్దపీట. సముద్రంమీదికి వంగిన రెండు చెట్లు, ఒక తెరచాప పడవ, కుంకుతున్న సూర్యుడు! ప్లాటే వంటి స్టూడియోలు ఇటువంటి చిత్రాలనూ, పోస్టుకార్డులనూ విరివిగా అమ్మేవి. వాటిలో మనిషి కనిపించినా, చెట్టు ఎత్తుకు కొలబద్దగానే నిలబెట్టినట్టు తోస్తుంది.

ఈ ధోరణిని కాదన్నవారు లయనెల్ వెంట్. 1900లో కొలంబోలో, ఒక న్యాయమూర్తి కుమారుడుగా జన్మించిన వెంట్, లండనులో న్యాయశాస్త్రాన్నీ పియానో వాద్యాన్నీ కూడా అభ్యసించి 1924లో స్వదేశం చేరారు. న్యాయవాద వృత్తి ఆయనను ఎక్కువకాలం నిలుపుకోలేకపోయింది. చిలీ దేశపు కాన్సల్‌గా 1929లో కొలంబో వచ్చిన మహాకవి పాబ్లో నెరూడాకు వెంట్ మిత్రుడయ్యారు. 1930ల ఆరంభంనుంచి కెమెరాయే ఆయన లోకమయింది.

కొబ్బరితోటలో ఫోటో తీయడం చూసినంత సులభం కాదు. భూమధ్యరేఖకు ఏడు డిగ్రీల దూరంలోనే ఉన్న ఆ గడ్డమీద మధ్యాహ్నపు సూర్యుడు చాలా నెలలు దాదాపు నడినెత్తినే ఉంటాడు. మట్టల సందులనుంచి జారే వెలుగు నేలమీదా, ముఖాలమీదా ముక్కలుముక్కలుగా చెదరిపోతుంది. నలుపు తెలుపు ఫిల్ముమీద ఎండపడిన చోటు సున్నంలా తేలిపోతుంది. నీడపడిన చోటు మసి అవుతుంది. ఇక చెట్టును మొత్తంగా చూపబోతే మనిషి చీమంత అయిపోతాడు. వెంట్ తీసిన అనేక చిత్రాలలో చెట్టు మొత్తంగా ఉండదు. ఒక మాను, కొన్ని ఆకుల నీడలు, వాటి మధ్య పనిలోనో విశ్రాంతిలోనో ఉన్న ఒక శరీరం. అంతే. అయినా ఆ చిత్రం సముద్రతీరానిదని చెప్పక్కరలేదు.

ఆయన వాడిన కెమెరాలలో రోలీఫ్లెక్స్ ఒకటి. దానిని కంటికి ఆనించుకోరు. నడుము దగ్గర పట్టుకుని, తలవంచి, పైనున్న గాజుపలకలోకి చూడాలి. అందులో బొమ్మ కుడియెడమలు తారుమారుగా కనిపిస్తుంది. చూపు నడుము ఎత్తునుంచి బయలుదేరుతుంది గనుక ఎదుటి బెస్తవాడు ఆకాశంలోకి ఎదిగి నిలుస్తాడు. ఫోటో తీసే పెద్దమనిషి మాత్రం ఆ బెస్తవాని ముందు తలవంచుకోక తప్పదు! దొరల పాలన సాగుతున్న రోజులలో ఇది చిన్న విషయమేమీ కాదు.

జాలరులు, పొలంకూలీలు, కాండీ నర్తకులు, శిథిల బౌద్ధాలయాలు, అన్నీ ఆయన కెమెరాలోకి వచ్చాయి. చీకటిగదిలో ప్రయోగాలకూ కొదవలేదు. సోలరైజేషన్, ఫోటోమాంటేజ్ పద్ధతులను ఆయన ఇష్టంగా వాడారు. వాటిలో కొన్ని నేడు చమత్కారాలుగానే మిగిలాయనీ, సాదా చిత్రాలే కాలానికి నిలిచాయనీ ఈ రచయిత అభిప్రాయం. బాసిల్ రైట్ 1934లో తీసిన ‘సాంగ్ ఆఫ్ సిలోన్’ డాక్యుమెంటరీలో వ్యాఖ్యానం వినిపించే గొంతు కూడా వెంట్‌దే. కాండీ రాజ్యంలో సుమారు పందొమ్మిదేళ్లు బందీగా గడిపిన రాబర్ట్ నాక్స్ 1681లో ప్రచురించిన గ్రంథంనుంచి ఆ మాటలు తీసుకున్నారు.

1943లో చిత్రకారులతో కలిసి ‘43 గ్రూప్’ స్థాపనకు తోడ్పడిన వెంట్, మరుసటి సంవత్సరం డిసెంబరులో, నలభైనాలుగేళ్ల వయసులో కన్నుమూశారు. ఆ తరువాత జరిగిన నష్టం పూడ్చలేనిది: ఆయన నెగటివులు నాశనమయ్యాయి. నెగటివు ఉంటే వంద ప్రింట్లు తీయవచ్చు. అది పోయాక ఉన్న ప్రింటే మూలప్రతి. మిత్రుల పూనికతో 1950లో ఒక చిత్రసంపుటి వెలువడింది. 1953లో కొలంబోలో ఆయన పేర నాటకశాల తెరుచుకున్నది. చెల్లాచెదరైన ప్రింట్లలో కొన్ని దశాబ్దాల తరువాత వెలుగుచూసి, 2017లో ఆమ్‌స్టర్‌డామ్ ఫోటోగ్రఫీ మ్యూజియం గోడలకెక్కాయి.

కొబ్బరి మానుకు చేరగిలబడిన ఆ యువకులెవరో, వల భుజానవేసుకున్న ఆ జాలరులెవరో చాలా చిత్రాల విషయంలో నేడు చెప్పగలవారు లేరు. తీసినవాని పేరు మాత్రం ప్రతి ప్రింటు కిందా ఉంది.