చాపా, ౘాపా? మన మాటలకి ఫాంటు ఎంచుకొనే ముందు

మా నాయన చాలా ఏండ్లు ఒక నోటుబుక్కులో మా ఊరి మాటలు రాసి పెట్టినాడు. హోసూరు పక్కన పల్లె మాది. మాట, దాని అర్థం, కింద ఆ మాట వాడిన ఒక వాక్యం, అంతే. కొన్ని చోట్ల చ, జ ల నెత్తిన పెన్సిలుతో చిన్న తెలుగు రెండు అంకె, అంటే ౨, వేసి ఉంటాడు. చిన్నప్పుడు నాకది అర్థం కాలేదు, ఏదో లెక్క వేసుకొన్నాడేమో అనుకొంటిని. 2004లో ఆ నోటుబుక్కుని నలభై పేజీల చిన్న పుస్తకంగా డీటీపీ చేయించి, ఇంట్లో పెండ్లికి వచ్చిన చుట్టాలకి పంచినాము. ఆ పుస్తకంలో నాయన వేసిన ౨ ఒక్కటి కూడా లేదు. ఎవరమూ గమనించలేదు.

పోయిన సంక్రాంతికి మా చెల్లెలి కూతురు ఆ పుస్తకం తీసి చదువుతా ఉండింది. "చాప ఎండేసినారు" అనే వాక్యం దగ్గర ఆగి, "మామా, ఎండేసింది పడుకొనే చాపా, తినే చాపా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయినాను.

మా పక్క చేపని చాప అంటాము. యానాం వాళ్ళకి ఇది వివరించాల్సిన పనే లేదు, "చాపల పులుసు" అనకుండా అక్కడ పూట గడవదు. నోటితో చెప్పేటప్పుడు గందరగోళం ఉండదు. తినే చాపలో నాలుక అంగిటికి తగులుతుంది, దాదాపు "చ్యాప" అన్నట్టు. పడుకొనే ౘాపలో నాలుక పండ్ల వెనక తగులుతుంది, "త్స" అన్నట్టు. కాగితం మీదకి వచ్చేసరికి రెండూ ఒకటే అయిపోతాయి.

పుస్తకాల తెలుగుకి ఈ చిక్కు తక్కువ. అచ్చ తెలుగు మాటల్లో అ, ఉ, ఒ ముందు దంత్యం (ౘలి, ౘుట్టం, ౙొన్న), ఇ, ఎ ముందు తాలవ్యం (చిలుక, చెయ్యి) అని ఒక పద్ధతి ఉండాది కాబట్టి, గుర్తు లేకపోయినా నోరు దానంతట అదే సర్దుకొంటుంది. మన యాసల్లో "చే" కాస్తా "చా" అయిపోతుంది. చేప చాప అవుతుంది, చేట చాట అవుతుంది, చేను చాను అవుతుంది. అక్కడ ఆ పద్ధతి తెగిపోతుంది. అంటే ఈ గుర్తు పండితుల ముచ్చట కాదు, యాసని ఉన్నది ఉన్నట్టు రాయాలనుకొనే వాళ్ళకే ఎక్కువ అవసరం. సి.పి. బ్రౌన్ 1852 నాటి తన నిఘంటువులో ౘ, ౙ వాడినాడు. సోలాపూరు మనవాళ్ళు ఇంకొకటి గమనించే ఉంటారు: మరాఠీలో కూడా చ, ज లాంటి అక్షరాలకి ఇట్లనే రెండు పలుకులు ఉన్నాయి, రాత మాత్రం ఒకటే.

నాయన నోటుబుక్కు వెతికి తీసినాను. "చాప ఎండేసినారు" దగ్గర ౨ లేదు. అంటే చేపే. ఆ పేజీ బతికింది కాబట్టి తెలిసింది. చివరి ముప్పై పేజీలు చెదలు తినేసింది. ఆ పేజీల్లోని మాటలకి ఇప్పుడు 2004 పుస్తకం తప్ప వేరే ఆధారం లేదు, అందులో గుర్తులు లేవు.

డీటీపీ చేసినాయన్ని తప్పు పట్టలేను. ఆ రోజుల్లో తెలుగు డీటీపీ అంటే ఎక్కువగా పాత రకం ఫాంట్లే. అవి తెలుగు అక్షరాల ముక్కల్ని, తలకట్టుని, గుడిని, వత్తుని, ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కూర్చోబెట్టేవి. తెర మీద తెలుగు కనపడుతుంది గానీ కంప్యూటర్ లెక్కలో అది ఇంగ్లీషే. ఆ ఫైలు ఈ రోజు తెరిస్తే కామాలు, డాలరు గుర్తులు, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు. ఉన్న గదులు తక్కువ, తెలుగు ముక్కలు ఎక్కువ. అందులో ౘ, ౙ లకి యాడ చోటు దొరుకుతుంది? యూనికోడ్‌లో కూడా అప్పటికి వాటికి చోటు లేదు. 2008లో వచ్చిన 5.1 వెర్షనులోనే ఆ రెండూ చేరినాయి. విండోస్ ఎక్స్‌పీతో 2001లో వచ్చిన గౌతమి ఫాంటుని నమ్ముకొన్నా అప్పుడు లాభం ఉండేది కాదు.

కాబట్టి మొదటి మాట, మీ దగ్గర పాత ఫాంటులో చేసిన పెండ్లి పత్రికలు, కులపురాణాలు, పాటల పుస్తకాలు ఉంటే వాటిని యూనికోడ్‌లోకి మార్చండి. మార్చే సాధనాలు నెట్‌లో ఉన్నాయి. వాటిని గుడ్డిగా నమ్మొద్దు, వత్తులు జారిపోతాయి, సున్నలు మారిపోతాయి. అచ్చు పుస్తకం పక్కన పెట్టుకొని వరస వరసా సరిచూడాల్సిందే. నాకు నలభై పేజీలకి పదకొండు సాయంత్రాలు పట్టింది.

ఇంక ఫాంటు. అందరూ మొదట అడిగేది "అందమైన ఫాంటు ఏది?" అని. మన పనికి అది రెండో ప్రశ్న. మొదటిది, "మన అక్షరాలన్నీ దీంట్లో ఉండాయా?" అని. ఫాంటులో ౘ లేకపోతే రెండింటిలో ఒకటి జరుగుతుంది. ఒకటి, ఖాళీ డబ్బా కనపడుతుంది. ఇది మంచిదే, తప్పు కంటికి ఆనుతుంది. రెండోది, బ్రౌజరు ఆ ఒక్క అక్షరాన్ని వేరే ఫాంటు నుంచి అరువు తెస్తుంది. పక్క అక్షరాలు సన్నగా, ఇది లావుగా, పండ్ల వరసలో కట్టుడు పన్ను లాగ. చదివేవాళ్ళు అచ్చుతప్పు అనుకొని వదిలేస్తారు.

అందుకే నేను ఏ ఫాంటు దించుకొన్నా మొదట ఈ ఒక్క వరస టైపు చేసి చూస్తాను:

ౘాప చాప ౘూపు ౘొక్కా ౙొన్న ౙోల అఱవ స్త్రీ లక్ష్మి సాఫ్ట్‌వేర్ ౧౨౩

ఇందులో ప్రతి మాటకీ పని ఉండాది. ౘా, ౘొ, ౙో ల్లో గుర్తూ పైనే, గుణింతమూ పైనే. సరిగ్గా గీయని ఫాంటులో రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. "అఱవ" బండి ఱ కోసం. "స్త్రీ" కింద రెండు వత్తులు, పైన గుడి దీర్ఘం. వరసల మధ్య ఎంత ఎడం కావాలో అదే చెబుతుంది. "సాఫ్ట్‌వేర్"లో ట కింద వ వత్తు పడకుండా పొల్లు నిలవాలి. మన ఇండ్లలో తమిళం, కన్నడం, ఇంగ్లీషు కలిసిన మాటలు ఎన్ని వస్తాయో మీకు తెలుసు, ఈ పరీక్ష తప్పొద్దు.

నా పుస్తకం లోపలి పేజీలకి నోటో సాన్స్ తెలుగు తీసుకొన్నాను. దాంట్లో యాస అక్షరాలు ఉన్నాయి, సన్నం నుంచి లావు దాకా రకాలూ ఉన్నాయి. ఇది చూడముచ్చటైన ఫాంటు అని నేను అనను, కొంచెం ఆఫీసు కాగితం కళ ఉంటుంది. కథలూ పాటలూ వేసేవాళ్ళకి టీరో తెలుగు నచ్చవచ్చు, గీతలో సన్నం లావు ఉంటుంది, పాత అచ్చు పుస్తకం చదివినట్టు ఉంటుంది. ఏది తీసుకొన్నా పై వరస పరీక్ష మాత్రం పెట్టండి. రామభద్ర లాంటి దళసరి అక్షరాలు అట్ట మీద పేరుకి బాగుంటాయి, లోపల రెండు పేరాలు పెడితే కండ్లు నొప్పి. గిడుగు అనే ఫాంటు కూడా ఉచితంగా దొరుకుతుంది. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పేరు పెట్టినారు. ఆయన పనిచేసిన పర్లాకిమిడి 1936 నుంచి ఒడిశాలో ఉండాది, అంటే ఒక రకంగా మనవాడే.

ఒకటే రకం లావుతో వచ్చే ఫాంట్లతో జాగ్రత్త. మండలి అట్లాంటిదే. మీరు "బోల్డ్" నొక్కితే అసలైన లావు అక్షరం రాదు, కంప్యూటరే ఉన్న గీతని పులుముతుంది. ద-ధ, ప-ఫ, బ-భ ల మధ్య తేడా ఒక చిన్న గీత. పులిమితే అది పూడిపోతుంది. ౘ మీద గుర్తు కూడా అంతే. అక్షరాల్ని పక్కకి వాల్చడం తెలుగుకి అలవాటు లేని పని, నేను మాట విడిగా చూపాలంటే రంగు మారుస్తాను.

సైజు విషయంలో దెబ్బ తిన్నాను. మొదటి నమూనా 10 పాయింట్లలో తీసి మా పెద్దత్తకి చూపించినాను. ఆమె తెలుగు మీడియంలో చదువుకొన్న మనిషి, ఇప్పటికీ కండ్లద్దాలు పెట్టుకొని రోజూ ఏదో ఒకటి చదువుతాది. "ౙొన్న" మీద వేలు పెట్టి, "ఈ మచ్చేందిరా, సిరా పడిందా?" అనింది. 13 పాయింట్లకి పెంచినాక గుర్తు గుర్తులాగ కనపడింది. వెబ్ పేజీలో నేను 18 పిక్సెళ్ళకి తగ్గను, వరసల ఎడం అక్షరం సైజుకి 1.7 రెట్లు పెడతాను. ఇంగ్లీషుకి సరిపోయే 1.2, 1.3 పెడితే పై వరస వత్తులు కింది వరస గుడుల్ని తాకుతాయి. అక్షరాల మధ్య దూరం పెంచే సెట్టింగు సున్నాలోనే ఉండనీండి.

మా పక్క పిల్లలకి ఇది ఇంకా ముఖ్యం. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడిలో తమిళం తప్పనిసరి అయింది, చాలా ఇండ్లలో తెలుగు చదవడం ఇంటి దగ్గర నేర్చుకొనేదే. కూడబలుక్కొని చదివే పిల్లకి వత్తు చిన్నగా, ఇరుకుగా ఉంటే పుస్తకం మూసేస్తుంది.

మూడు లిపులు ఒకే పేజీలో పెట్టాల్సి రావడం కూడా మనకే ఎక్కువ. అర్థాలు తమిళంలో, కన్నడంలో కూడా ఇస్తే పిల్లలకి సులువు. ఒక్కో లిపికి ఒక్కో ఫాంటు యాడిదో తెస్తే తమిళం పెద్దగా, తెలుగు చిన్నగా కనపడుతుంది. ఒకే కుటుంబంగా గీసిన ఫాంట్లు తీసుకోండి. హింద్‌లో తెలుగుకి గుంటూరు, తమిళానికి మధురై, కన్నడానికి మైసూరు అని ఊరి పేర్లు పెట్టినారు. బాలూలో తెలుగుది తమ్ముడు, తమిళానిది తంబి, కన్నడానిది తమ్మ. అనేక్‌లో ఒడియా, దేవనాగరి కూడా ఉన్నాయి. ఇవన్నీ ఉచితమే, అచ్చుకీ వెబ్‌కీ వాడుకోవచ్చు. తెలుగు, కన్నడం పక్కపక్కన పెడితే మాత్రం ఒకే ఫాంటు కుటుంబంలో ఇంకా ఎక్కువ కలిసిపోతాయి. రెంటికీ వేరే రంగు ఇవ్వండి, లేదా వేరే వరసలో పెట్టండి.

వెబ్‌లో పెట్టేటప్పుడు ఫాంటు ఫైలుని పేజీతో పాటే పంపండి. లేకపోతే చదివేవాళ్ళ మిషన్లో ఏది ఉంటే అది వస్తుంది: ఆండ్రాయిడ్‌లో ఒకటి, ఐఫోన్‌లో ఒకటి, విండోస్‌లో నిర్మల. ఫైలు బరువు తగ్గించడానికి వాడని అక్షరాల్ని కోసేసే సాధనాలు ఉన్నాయి. వాటికి ౘ, ౙ, ఱ ఉంచమని చెప్పకపోతే 2004లో జరిగిందే మళ్ళీ జరుగుతుంది. వాట్సాప్‌లో మాటల పట్టికల్ని బొమ్మలుగా పంపేవాళ్ళకి ఒక విన్నపం, కింద అక్షరాలుగా కూడా వేయండి. బొమ్మలో ఉన్న మాట వెతికితే దొరకదు.

చెదలు తిన్న ముప్పై పేజీల్లో చ, జ తగిలే మాటలు అరవై నాలుగు తేలినాయి. పెద్దత్త దగ్గర కూర్చొని ఒక్కొక్కటే పలికించి, ఫోనులో రికార్డు చేసి గుర్తు వేస్తా ఉన్నాను. యాభై మూడు అయినాయి. మిగతా పదకొండు ఆమె కూడా విన్నట్టు లేదంటాది. వాటి పక్కన గుర్తు లేకుండా ప్రశ్నార్థకం పెట్టి అట్లనే అచ్చుకి ఇస్తా ఉన్నాను.