పలకలో రంధ్రం, గట్టుమీద మోడు

గోదావరి ఉత్తరపు ఒడ్డున ఉన్న లక్సెట్టిపేట పరిసరాలు టేకుకు పెట్టింది పేరు. అక్కడ ఒక రైతు తన పొలం గట్టుమీద పెంచిన టేకును కోయించి, దర్వాజకు పలకలు తీయించాడు. ఆరిన తరువాత రెండు పలకల్లో కొమ్మముడులు ఊడి, రూపాయి బిళ్లంత రంధ్రాలు మిగిలాయి. వడ్రంగి వాటిని పక్కన పెట్టాడు. "సారూ, చెట్లు పెట్టుమన్నరు, పెట్టిన. కొమ్మలెట్ల కొట్టాల్నో మాత్రం చెప్పలే" అన్నాడు రైతు. ఆ సలహా ఇచ్చినవాడిని నేనే. లోపమూ నాదే.

కొమ్మముడి అంటే కాండంలో ఇమిడిపోయిన కొమ్మ మొదలు. కొమ్మ సజీవంగా ఉన్నంతకాలం దాని కాంబియం, కాండపు కాంబియం ఒకే పొరగా కొనసాగుతాయి. అందువల్ల ముడి పలకలో గట్టిగా అతుక్కొని ఉంటుంది. కొమ్మ చనిపోతే ఆ బంధం తెగిపోతుంది. ఏటేటా లావయ్యే కాండం ఎండిన మోడును చుట్టుముట్టి తనలో దాచుకుంటుంది గాని, దానితో కలిసిపోదు. కొన్నిసార్లు రెంటి మధ్య బెరడు కూడా చిక్కుకుంటుంది.

పలక ఆరేటప్పుడు అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడవునా దాదాపు మారదు. పలక ముఖంపై కనబడే ముడి మాత్రం కొమ్మ అడ్డుకోత కనుక అన్ని దిశలా కుంచించుకుపోతుంది. అతుకు లేని ముడి వదులై రాలిపోతుంది.

అడవిలో దగ్గరగా పెరిగే చెట్ల కింది కొమ్మలు నీడకు సన్నగా ఉండగానే ఎండి రాలుతాయి. గట్టుమీది చెట్టుకు రెండు వైపులా వెలుతురు అందడం వల్ల కొమ్మలు లావెక్కుతాయి. పైరుకు నీడ పడుతోందని రైతు వాటిని గొడ్డలితో నరికి జానెడు మోడు వదులుతాడు. ఆ మోడే కొన్నేళ్లకు పలకలో రంధ్రమవుతుంది.

నివారణ కష్టం కాదు. కొమ్మలు బొటనవేలి లావు దాటకముందే, ఆకు రాలిన ఎండకాలంలో, రంపంతో కోయాలి. కొమ్మ మొదట ఉబ్బిన వలయాన్ని గాయపరచకూడదు, దాని ఆవల మోడు మిగల్చకూడదు. బరువైన కొమ్మను ముందుగా అడుగు నుండి కొంత కోస్తే బెరడు చీలదు. చెట్టు ఎత్తులో పైసగం కొమ్మలను తాకరాదు. వానలకు గాయం పూడుకొంటుంది. కోసిన చోట పుట్టే కొత్త చిగుళ్లను లేతగా ఉండగానే చేతితో తుంచివేయాలి.

ఇదివరకే ఏర్పడిన ముడులను ఏ కత్తిరింపూ తొలగించలేదు. అవి చెట్టు నడిమి భాగంలోనే ఉండిపోతాయి. గాయం పూడిన తరువాత చేరే కలప మాత్రమే ముడులు లేకుండా పెరుగుతుంది. కనుక ఆలస్యమైన ప్రతి ఏడూ రైతుకు నష్టమే. గట్లపై టేకు నాటించే విస్తరణ శాస్త్రవేత్తలు మొక్కతోపాటే ఈ మాటను కూడా రైతుకు అందించాలి. నేను అందించలేకపోయాను.