బయానా బరువు

జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో పసుపు తవ్వి, ఉడికించి, ఆరబెట్టి, పాలిష్ పట్టించిన తరువాత దానిని వెంటనే అమ్మాలా, ధర కోసం నిల్వ ఉంచాలా అనేది రైతుకు ఏటా ఎదురయ్యే ప్రశ్న. క్వింటాలు 12,000 రూపాయలున్నప్పుడు ఒక వ్యాపారి వచ్చి, రెండు నెలల తరువాత తాను కోరితే 13,000కు సరుకు ఇవ్వాలని, కోరినా కోరకపోయినా ఇప్పుడిచ్చే 300 రూపాయలు రైతువేనని మాట కుదుర్చుకున్నాడనుకుందాం. మామూలు బయానా చివరి లెక్కలో ధరలో కలిసిపోతుంది. ఈ 300 మాత్రం కలవదు, ఎందుకంటే అది కొనే హక్కుకు కట్టిన వెల. షేర్ల మార్కెట్లో ఇలాంటి హక్కును కాల్ ఆప్షన్ అనీ, దాని వెలను ప్రీమియం అనీ, ముందే ఒప్పుకున్న ధరను స్ట్రైక్ అనీ, చేతిలో ఉన్న షేర్లపై ఆ హక్కును అమ్మడాన్ని కవర్డ్ కాల్ అనీ అంటారు.

ధర 15,000కు ఎగబాకితే రైతుకు దక్కేది 13,300 మాత్రమే. 10,000కు పడితే 2,000 నష్టంలో 300 మాత్రమే పూడుతుంది. షేర్ల విషయంలోనూ లెక్క ఇదే. మన దేశంలో విడి షేర్లపై ఆప్షన్లు 2001 జులైలో మొదలుకాగా, 2019 అక్టోబరు నాటికి వాటన్నింటికీ షేర్ల అప్పగింత తప్పనిసరైంది కనుక, గడువు రోజున ధర స్ట్రైక్ దాటి ఉంటే అమ్మినవారు షేర్లు ఇచ్చుకోవలసిందే.

ఆ హక్కును కొనేది తరచుగా మార్కెట్ మేకర్, అంటే ఒకే సరుకుకు కొనే రేటును, అమ్మే రేటును ఎప్పుడూ పలుకుతూ ఆ తేడాతో బతికే వ్యాపారి. సిరిసిల్లలో మరమగ్గాల యజమానులకు నూలు అమ్మే దుకాణదారు కూడా నూలు ధర రోజుకో తీరుగా మారుతుంటే ఈ తేడాను పెంచక తప్పదు. కాల్ కొన్న మార్కెట్ మేకర్ ధర పెరుగుతుందని పందెం కాయడు. దానికి ఎదురుగా కొన్ని షేర్లు అమ్మి ఉంచుకుని, ధర పెరిగినకొద్దీ మరికొన్ని అమ్ముతూ, తగ్గితే తిరిగి కొంటూ పోతాడు. ఇలా ప్రతి ఊపులోనూ అతనికి కొంత మిగులుతుంది, కానీ ప్రతి రోజూ గడువు దగ్గరపడి ప్రీమియం విలువ కొంత కరుగుతుంది. కాబట్టి ధర ఎటు పోతుందన్నదానికన్నా ఎంత ఊగుతుందన్నదే అతని లెక్క.

ఆ ఊపును శాతాల్లో కొలిచేదే వొలటాలిటీ. ఏడాదికి 16 శాతమంటే, ఏడాదిలో ఉండే దాదాపు 250 ట్రేడింగ్ రోజుల వర్గమూలంతో భాగించగా, సాధారణంగా రోజుకు ఒక శాతం ఊపు అని అర్థం. లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వెలువడిన 2024 జూన్ 4న షేర్ల సూచీ నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది. రాబోయే ఊపుపై మార్కెట్ అంచనాను చూపే ఇండియా విక్స్ ఆ రోజు 30 దాటి, మరునాడే బాగా దిగింది. అటువంటి రోజుల్లో ప్రీమియం ఉబ్బుతుంది, కొనే రేటుకూ అమ్మే రేటుకూ మధ్య ఎడం కూడా పెరిగి అమ్మేవారి చేతికి వచ్చేదాన్ని కొంత కోసేస్తుంది.

అందువల్ల 300కు బదులు 900 ఇస్తానని వ్యాపారి ముందుకొస్తే, రైతు సంతోషించే ముందు ఆ రెండు నెలల్లో పసుపు ధర ఎంత ఊగగలదని అతను లెక్కవేశాడో ఆలోచించడం మేలు.