డెబ్బదిరెండవ గడి

1922వ సంవత్సరమునాటికి, హైడ్రోజనుతో ఆరంభమై యురేనియముతో ముగియు 92 మూలకముల వరుసలో ఆరు గళ్లు మాత్రమే రిత్తగా నిలిచియుండెను. 43, 61, 72, 75, 85, 87 అను ఆ ఆరింటిలోను 72వ గడిని గూర్చిన వివాదము విలక్షణమైనది. ఆ మూలకము తమకు దొరికినదని పారిస్ పండితులు చెప్పుచుండగా, వారు వెదకిన చోట అది ఉండుటకే వీలులేదని కోపెన్‌హాగెన్ పండితులు వాదించిరి. ఈ తగవునకు మూలము, వినుటకు మిక్కిలి అల్పముగ దోచు ఒక ప్రశ్న: ఆ పరమాణువునందు కట్టకడపట వచ్చి చేరు ఎలక్ట్రాను ఏ కర్పరమున కుదురుకొనును?

పరమాణువు నడుమ ధనావేశము గల కేంద్రకమును, దాని చుట్టును ఋణావేశము గల ఎలక్ట్రానులును ఉండునని 1911లో రూథర్‌ఫర్డ్ స్థాపించిన పిదప, ఆ ఎలక్ట్రానులు తమ శక్తిని కాంతిరూపమున వెడలగ్రక్కి కేంద్రకముపై కూలిపోక ఎట్లు నిలిచియున్నవను సందేహము శాస్త్రజ్ఞులను వేధింపసాగెను. 1913లో డెన్మార్కు దేశీయుడగు నీల్స్ బోర్, ఎలక్ట్రాను తన యిచ్చవచ్చినంత శక్తితో ఉండజాలదనియు, దానికి కొన్ని నియతమైన శక్తిస్థాయిలు మాత్రమే విధింపబడియున్నవనియు, పైస్థాయినుండి క్రిందిస్థాయికి దిగునప్పుడే ఆ రెంటి భేదమునకు సరిపడు కాంతిని విడుచుననియు ప్రతిపాదించెను. ఇంచుమించు సమానశక్తితో, కేంద్రకమునకు ఇంచుమించు సమానదూరమున వర్తించు ఎలక్ట్రానుల సముదాయమునకే కర్పరమని పేరు. మొదటి కర్పరమున 2, రెండవదానియందు 8, మూడవదానియందు 18, నాలుగవదానియందు 32 ఎలక్ట్రానులు పట్టును.

ఇది వట్టి ఊహ కాదని తెలియుటకు సోడియము ఒక్కటి చాలును. దాని 11 ఎలక్ట్రానులు 2, 8, 1గా సర్దుకొనియున్నవి. ఒంటరి సోడియము పరమాణువునుండి మొదటి ఎలక్ట్రానును ఊడదీయుటకు 5.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి సరిపోవును. రెండవదానిపై చేయి వేయగనే ఆ వెల ఒక్క పెట్టున 47.3కు ఎగబ్రాకును. మొదటిది మూడవ కర్పరమున ఏకాకిగ నున్నది. రెండవది నిండిన కర్పరమునుండి పెకలింపవలసినది. క్లోరిను చేరువకు వచ్చినప్పుడు సోడియము ఒక్క ఎలక్ట్రానును వదలుకొని ఉప్పుగ మారునే కాని రెండవదానిని ఎన్నడును వదలకుండుటకు కారణమిదియే.

పాఠ్యపుస్తకములలో కేంద్రకము చుట్టును చక్కని వలయములు గీచి వానిపై చుక్కలు పెట్టు చిత్రములను నేనంతగా మెచ్చను. వానిని చూచిన బాలుడు, గ్రహములు సూర్యుని చుట్టి వచ్చినట్లు ఎలక్ట్రానులు గీత తప్పక తిరుగుచున్నవని నమ్మి, ఆ నమ్మకమును ముదిమి వరకు మోయుచుండును. 1926 నాటి తరంగ యాంత్రికశాస్త్రము ఆ గీతలను చెరిపివేసినది. ఎలక్ట్రానునకు దారి యనునది లేదు. అది ఎచ్చట కానవచ్చుటకు ఎంత అవకాశము గలదో తెలుపు విస్తరణము మాత్రమే గలదు. ఐనను శక్తి లెక్కలో కర్పరములు చెక్కు చెదరలేదు. వానికి కె, ఎల్, ఎమ్, ఎన్ అను సంజ్ఞలు వచ్చుటయు వింతయే. ఎక్స్-కిరణములలో రెండు తెగలను గుర్తించిన బార్‌క్లా, ముందును వెనుకను మరికొన్ని బయల్పడవచ్చునను దూరాలోచనతో అక్షరమాల నడుమనుండి పేర్లెంచెను. కె కంటె లోపల మరేదియు లేదని పిమ్మట తేలినందున మొదటి అక్షరములన్నియు నేటికిని పనిలేక పడియున్నవి.

కర్పరములు లోపలినుండి వెలుపలికి ఒకటి నిండిన పిదపనే మరియొకటి నిండునని తలచుట సహజము. 18వదియగు ఆర్గాను వరకు అట్లే జరుగును. 19వదియగు పొటాషియము దగ్గర, మూడవ కర్పరమున ఇంకను పది స్థానములు ఖాళీగ నుండగనే, క్రొత్త ఎలక్ట్రాను నాలుగవదానిలో చేరిపోవును. ఆ విడిచిన స్థానములు తరువాత స్కాండియము మొదలుకొని నిండును. ఈ వెనుకకు మరలి నింపుట విరళ మృత్తికలనబడు మూలకములయందు పరాకాష్ఠనందినది. 57వదియగు లాంథనమున ఎలక్ట్రానుల అమరిక 2, 8, 18, 18, 9, 2. 71వదియగు లుటీషియమున 2, 8, 18, 32, 9, 2. ఈ రెంటి నడుమ చేరిన 14 ఎలక్ట్రానులును నాలుగవ కర్పరమునందే ఇమిడినవి. పైరెండింటి లెక్క మొదటను తుదను ఒక్కటియే. పెండ్లివారి లోపలి గదులలో చుట్టములు ఎందరు వచ్చి చేరినను, వీథి అరుగుపై కూర్చున్నవారి సంఖ్య మారనిచో దారిన పోవువానికి ఆ యిల్లు నిన్నటివలెనే కనబడును గదా! రసాయన సంయోగము అరుగు మీది వ్యవహారము. కనుకనే విరళ మృత్తికలు ఒకదానినొకటి పోలి, వేరుచేయబూనిన రసాయనికుల జీవితకాలములను హరించినవి.

అట్టి జీవితకాలమును ధారపోసినవాడు ఫ్రాన్సు దేశీయుడగు జార్జి ఉర్బేన్. విరళ మృత్తికలలో తనకొక క్రొత్త మూలకము దొరికినదని 1911లో ప్రకటించి, దానికి సెల్టియమని పేరిడి, 1914లో ఆ పదార్థమును స్వయముగ ఆక్స్‌ఫర్డునకు గొనిపోయి మోస్‌లీ యను యువశాస్త్రజ్ఞునికి చూపెను. మూలకములు విడుచు ఎక్స్-కిరణముల పౌనఃపున్యము పరమాణు సంఖ్యననుసరించి క్రమము తప్పక పెరుగునని కనుగొన్నవాడా మోస్‌లీ. ఆతడు పరీక్షించి, తెలిసిన విరళ మృత్తికల గీతలు తప్ప 72వ దాని జాడ లేదనెను. మరుసటి యేటనే, 27 ఏండ్ల ప్రాయమున, గల్లిపోలీ యుద్ధభూమిలో ఆతడు నేలకొరిగెను. ఆతని పద్ధతి నిలిచినది. 1922లో డోవియే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ పద్ధతితోనే ఉర్బేన్ పదార్థమున రెండు మిక్కిలి మసక గీతలు చూచితిననుటతో వివాదము మరల రగిలెను.

కోపెన్‌హాగెనులోని బోర్ వాదము వేరు. నాలుగవ కర్పరము 71తోనే నిండిపోయినది గనుక, 72వ ఎలక్ట్రాను ఐదవదానిలో చేరవలయును. అమరిక 2, 8, 18, 32, 10, 2 కావలయును. జిర్కోనియపు అమరిక 2, 8, 18, 10, 2. తుద రెండంకెలును సరిపోయినవి. కావున ఆ మూలకము మూడు ఎలక్ట్రానులను వదలు విరళ మృత్తికలకు కాక, నాలుగింటిని వదలు జిర్కోనియమునకు దాయాది. వెదకవలసినది జిర్కోనియపు ఖనిజములలో.

కోపెన్‌హాగెనులోనే ఉండిన హాలెండువాడగు కోస్టరును, హంగరీవాడగు హెవెషీయును నార్వే దేశపు జిర్కను ఖనిజమును తెచ్చి ఎక్స్-కిరణ పరీక్షకు పెట్టిరి. లోపలి కర్పరమునుండి ఒక ఎలక్ట్రాను ఎగిరిపోయినప్పుడు పైనున్నది ఆ ఖాళీలోనికి దిగుటచే ఈ కిరణములు పుట్టును; లోపలి కర్పరములకు రసాయన సంయోగముతో పొత్తు లేదు గనుక, మూలకమును శుద్ధిచేయ నక్కరలేకయే ముడిరాయి తన గుట్టును తానే చెప్పును. 72నకు లెక్కగట్టియుంచిన తావులయందే గీతలు, మసకగ కాక స్పష్టముగ నిలిచినవి. అప్పటికి బోర్ నోబెల్ బహుమానము నందుకొనుటకై స్టాక్‌హోములో నుండెను. కోస్టరు టెలిఫోనులో ఆ వార్త నందజేయగా, డిసెంబరు 11వ తేదీనాటి తన ఉపన్యాసములోనే బోర్ దానిని లోకమునకు చాటెను. కోపెన్‌హాగెను లాటిను నామమునుబట్టి దానికి హాఫ్నియమని పేరు పెట్టిరి. ఒక్కొక్క కర్పరమున ఇన్నియే ఎలక్ట్రానులు ఏల పట్టవలయుననుదానికి పౌలీ నియమము 1925లో గాని రాలేదు. కారణము తెలియకమునుపే ఫలితము చేజిక్కినది.

జిర్కోనియమును క్లాప్‌రోత్ 1789లో గుర్తించెను. అది మొదలు 130 ఏండ్లకు పైగ, పరీక్షకు దొరకిన ప్రతి జిర్కోనియపు ముద్దలోను హాఫ్నియము కలిసియే ఉండినను ఎవరికిని అనుమానము పొడమలేదు. దీనికిని కర్పరములే కారణము. నాలుగవ కర్పరమున చేరిన ఆ 14 ఎలక్ట్రానులు కేంద్రకపు ఆకర్షణను సరిగ కప్పిపుచ్చజాలవు. అందుచే పైకర్పరములు లోపలికి ముడుచుకొని, ఒక కర్పరము అధికముగ నున్న హాఫ్నియము పరిమాణమున జిర్కోనియమునకు సమానమైపోయినది.

ఈ కవలలను విడదీయు పని నేడు హైదరాబాదులో ప్రతిదినమును జరుగుచున్నది. భీమునిపట్నపు తీరమున సైతము కానవచ్చు జిర్కను ఇసుకవంటి దానినుండియే జిర్కోనియము తీయుదురు. న్యూట్రానులను అది మిక్కిలి అల్పముగ మాత్రమే పట్టుకొనును గనుక, 1971లో నెలకొల్పిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో యురేనియపు ఇంధనమునకు దానితో గొట్టములు చేయుదురు. హాఫ్నియమో, న్యూట్రానులను అంతకు 500 రెట్లకు మించి మ్రింగివేయును. ఆ భేదము కేంద్రకమునకు సంబంధించినది, కర్పరములకు పట్టనిది. కాని వేరుచేయవలసినది కర్పరముల మూలముననే. నత్రికామ్లమున కరగించిన ద్రావణమును, కిరోసినులో కలిపిన ట్రైబ్యూటైల్ ఫాస్ఫేటుతో మరల మరల కలియబెట్టగా, జిర్కోనియము కొంచెము ఎక్కువ మక్కువతో నూనెలోనికి చేరును. హాఫ్నియము నీటిలో వెనుకబడును. అట్లు వెనుకబడినది వృథా కాదు: దాని ఆకలియే గుణమై, అమెరికా నౌకాదళపు తొలి అణు జలాంతర్గాముల రియాక్టరులలో నియంత్రణ కడ్డీలను హాఫ్నియముతోనే చేసిరి.